సమస్య: ఐదుగురు షణ్ముఖులు గల రతనియింట

నిర్వాహకుడు: చెన్నై మిత్రులారా, ఈ వారం తేటగీతి పాదం. శివుడింట ఉన్న షణ్ముఖుడు ఒక్కడే కదా అని జంకకండి. లెక్కలు వచ్చినవాళ్లకు కాస్త మొగ్గుంది.

టీనగర్ కోడలు:

కొలువు బొమ్మలు పేర్చెను కోడలచట
మామ వడపళని తిరిగి మఱల మఱల
తెచ్చు మురుగన్న బొమ్మలే తీరుతీరు;
ఐదుగురు షణ్ముఖులు గల రతనియింట

నిర్వాహకుడు: యతులు కుదిరాయి. మూడో పాదంతో వాక్యం ముగిసింది గనక విసంధిని, అంటే సంధి చేయకపోవడాన్ని, తప్పు పట్టను. మైలాపూరు మాడవీధి ఉండగా బొమ్మలకు వడపళని దాకా ఎందుకో! హాయిగా ఉంది గానీ, బొమ్మలు ఐదే ఎందుకు? సమస్యలో సంఖ్య ఉంటే పూరణ దాన్ని మోయాలి.

అంబత్తూరు మాస్టారు:

పదియు రెండగు మోముల పంచభుజుల
ఘనుని గర్భాన నిమిడెను ఘనము లైదు
ఆఱు మొగముల చెలువున నలరుచుండ
నైదుగురు షణ్ముఖులు గల రతనియింట

అతడంటే డోడెకాహెడ్రన్, పన్నెండు పంచభుజి ముఖాల ఆకారం. దాని 20 శీర్షాల్లో తగిన ఎనిమిదిని ఎంచి కలిపితే ఆరు ముఖాల ఘనం (క్యూబ్), అదే మన షణ్ముఖుడు. అలా ఐదు రకాలుగా ఎంచవచ్చు.

నిర్వాహకుడు: ఘనుడి కడుపులో ఘనం, భేష్! కానీ ఐదని చెప్పారే తప్ప చూపలేదు.

పెరంబూరు అన్నయ్య:

అంచు నొకటన్నఁ గర్ణ మౌ నచటఁ బసిఁడి
పాలు, దానినె యంచుగాఁ బట్టి నిలుప
నాఱు మొగముల ఘనమొక్క టవతరింప
నైదుగురు షణ్ముఖులు గల రతనియింట

పంచభుజి అంచు 1 అయితే కర్ణం సుమారు 1.618, అదే పసిడి పాలు (గోల్డెన్ రేషియో). ఘనానికి అంచులు 12, అతనికి ముఖాలు 12, ముఖానికొక అంచు. ఒక్కో ముఖంలో కర్ణాలు ఐదు, ఒక్కోటి ఒక్కో షణ్ముఖుడిది. మా అమ్మాయి చార్టు అట్టతో చేసి, ఘనానికో రంగు దారం లాగింది. ప్రతి ముఖం మీదా ఐదు రంగుల నక్షత్రం పడింది.

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే మేటి. ఒక్క సవరణ: ఉత్వసంధి నిత్యం, "అంచు నొకటి" కుదరదు. "అంచె యొకటన్న" అనండి, గణం చెడదు. పసిడి పాలు ఛందస్సుకు పరాయిదేం కాదు. లఘుగురువులతో మాత్రలు నింపే విధాలు 1, 2, 3, 5, 8, 13, 21, 34 అంటూ పోతాయని 12వ శతాబ్దంలోనే జైన పండితుడు హేమచంద్రుడు చెప్పాడు. 34ని 21తో భాగించి చూడండి.

టీనగర్ కోడలు: మాస్టారూ, ఐదు ఘనాలకు శీర్షాలు 40 కావాలిగా? ఉన్నవి 20 ఏ!

అంబత్తూరు మాస్టారు: ఒక్కో శీర్షం ఇద్దరికి ఉమ్మడి అమ్మా. వాటాల పేచీ లేదు.