డిక్కీలోని 12 వోల్టుల సాకెట్టుకు డ్యాష్‌బోర్డు మీద స్విచ్చు: వైరింగు ఎలా చేయాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మిత్రులకు నమస్కారం. గొర్రెలకు, మేకలకు టీకాలు వేసే పని మీద నేను హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఊళ్లకు కారులో తిరుగుతుంటాను. చిటుక రోగం టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉంచాలి, అలాగని గడ్డకట్టనివ్వనూ కూడదు. అందుకే డిక్కీలోని సాకెట్టుకు ఒక చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ తగిలించాను. అది సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్టు మూత మీద 120 వాట్లు అని ఉంది, ఫ్యూజు 15 ఆంపియర్లది.

ఇబ్బంది ఏమిటంటే, తాళం తీసేసినా ఆ సాకెట్టుకు కరెంటు వస్తూనే ఉంటుంది. ఊళ్లో మంద దగ్గర గంటసేపు బండి ఆపినప్పుడు అది నాకు మేలే, కానీ ఇంటికి వచ్చాక టీకాలు తీసి లోపల పెట్టి, సామాన్ల వెనుక ఉన్న ప్లగ్గును ప్రతిసారీ వెతికి పీకడం కష్టంగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్చు ఉంటే బాగుంటుంది. మా దగ్గరి ఎలక్ట్రీషియన్ సాకెట్టు వైరును కత్తిరించి, ముందుకు లాగి, స్విచ్చు గుండా మళ్లీ వెనక్కి తెస్తానంటున్నారు. ఇది సరైన పద్ధతేనా?

జవాబు (కాజీపేట నుంచి)

అన్నగారూ, ఆ పద్ధతి వద్దు. మంచి స్విచ్చు అయితే 5 ఆంపియర్లను తట్టుకుంటుంది కానీ, అసలు నష్టం వైరులో ఉంది. డిక్కీ నుంచి డ్యాష్‌బోర్డుకు నాలుగు మీటర్లనుకుంటే పోను రాను ఎనిమిది మీటర్లు అవుతుంది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు సుమారు 18 మిల్లీఓములు ఉంటుంది కాబట్టి, 5 ఆంపియర్ల దగ్గర ఆ అదనపు వైరులోనే దాదాపు 0.7 వోల్టు పోతుంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ ఇచ్చేదే పన్నెండు వోల్టుల చిల్లర, అందులో ఇంత పోతే ఫ్రిజ్ తక్కువ వోల్టేజీ అని మొరాయిస్తుంది.

దీనికి రిలే వాడండి. లోపలి తీగచుట్టకు (కాయిలు) కొద్దిపాటి కరెంటు ఇస్తే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్చు అది. నాలుగు కాళ్ల 12 వోల్టుల, 30 ఆంపియర్ల రిలే ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. సాకెట్టుకు వచ్చే పాజిటివ్ వైరును డిక్కీలోనే, సాకెట్టు దగ్గరే కత్తిరించి, ఫ్యూజు వైపు కొసను 30వ నంబరు కాలికి, సాకెట్టు వైపు కొసను 87వ కాలికి కలపండి. 85ను అక్కడే బాడీ ఎర్తుకు, అంటే కారు ఇనుప బాడీకి బిగించండి. ఇక ముందు నుంచి 86కు ఒక్క సన్నని వైరు వస్తే చాలు. రిలే కాయిలు తీసుకునేది 0.15 నుంచి 0.2 ఆంపియరు మాత్రమే కాబట్టి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు ధారాళంగా సరిపోతుంది, ఎంత చిన్న స్విచ్చయినా వేడెక్కదు. ఫ్రిజ్ కరెంటంతా కంపెనీ వేసిన దారిలోనే, కంపెనీ ఫ్యూజు కాపలాలోనే పోతుంది. నాకు ఈ పద్ధతిలో నచ్చేది అదే.

స్విచ్చుకు కరెంటును డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు పెట్టె నుంచి, ఫ్యూజు ట్యాపుతో (ఉన్న ఫ్యూజు గడిలో గుచ్చి అదనపు వైరు తీసుకునే ముక్క), విడిగా 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి తీసుకోండి. ఏ గడి నుంచి తీసుకుంటారన్నదే ముఖ్యం. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే గడి ఎంచుకోండి. స్విచ్చు వేసి మరచిపోయినా, తాళం తీయగానే ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది.

జవాబు (పరకాల నుంచి)

రిలే విషయంలో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, గడి విషయంలో మాత్రం కాదు. ఎండాకాలంలో మన దగ్గర 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన కారులో గంటసేపు ఫ్రిజ్ ఆగితే టీకాను నమ్మి వేయలేం. వేసినా మందకు రక్షణ ఉండదు, ఆ సంగతి రోగం వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఈ పనికి ఎప్పుడూ కరెంటు ఉండే గడే కావాలి.

అయితే బ్యాటరీ లెక్క చూసుకోవాలి. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద 5 ఆంపియర్లు ఆగకుండా లాగితే నాలుగైదు గంటల్లో సగం ఖాళీ అవుతుంది, పాత బ్యాటరీ అయితే అప్పటికే స్టార్టు కావడం అనుమానమే. కంప్రెసరు ఉన్న ఫ్రిజ్ ఆగి ఆగి నడుస్తుంది, పైగా చాలావాటిలో బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే ఫ్రిజ్‌ను ఆపేసే రక్షణ అమరిక ఉంటుంది. దాన్ని అన్నిటికన్నా పై స్థాయిలో పెట్టండి. కంప్రెసరు లేని చవక రకం ఫ్రిజ్ అయితే ఆగకుండా లాగుతుంది, పైగా బయటి వేడికన్నా ఓ 20 డిగ్రీలు తగ్గించడమే దానికి గగనం. అది టీకాలకు పనికిరాదు.

జవాబు (జమ్మికుంట నుంచి)

వైరు లాగేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. తలుపుల కింది ప్లాస్టిక్ పట్టీ పైకి లేపితే కంపెనీ వైర్ల కట్ట కనిపిస్తుంది, మీ వైరును గొట్టంలో వేసి దాని పక్కనే కట్టుకుంటూ వెళ్లండి. పసుపు రంగు గొట్టం గానీ కనెక్టరు గానీ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుదో సీటు బెల్టుదో అయి ఉంటుంది. దాన్ని ముట్టకండి, దానికి మీ వైరును కట్టకండి.

అతుకులను మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి. మన ఎండలకు టేపు జిగురు కారి చుట్టు వదులవుతుంది, ఇక గతుకుల రోడ్డు మీద తీగ బయటపడుతుంది. క్రింపు చేసి (లోహపు తొడుగులో పెట్టి పట్టకారుతో నొక్కి), వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించండి. రిలేను స్టెప్నీ గుంటలో పెట్టకండి, అక్కడ నీరు చేరుతుంది. పక్క ప్యానెలు లోపల, కాళ్లు కిందికి ఉండేలా బిగించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాది కంప్రెసరు ఫ్రిజే, రక్షణ అమరిక మధ్య స్థాయిలో ఉంది, పైకి మారుస్తాను. ఎప్పుడూ కరెంటు ఉండే గడి నుంచే తీసుకుంటాను. మరచిపోకుండా ఉండటానికి లైటు వెలిగే స్విచ్చు తెచ్చాను, దానికి మూడు కాళ్లున్నాయి. ఏది దేనికి?

జవాబు (కాజీపేట నుంచి)

పరకాల మిత్రుడు చెప్పిన టీకా సంగతి విన్నాక నేనూ ఆ గడికే ఒప్పుకుంటున్నాను. మూడు కాళ్లలో ఒకటి కరెంటు వచ్చేది, ఒకటి రిలే 86కు పోయేది, ఒకటి లోపలి లైటుకు ఎర్తు. సాధారణంగా రంగు వేరుగా, ఇత్తడి రంగులో ఉండేది ఎర్తు కాలు, కానీ రంగును నమ్మకుండా, తీగ కలిసి ఉంటే శబ్దం చేసే అమరికలో పెట్టి మల్టీమీటరుతో చూడండి: స్విచ్చు వేసినప్పుడు శబ్దం వచ్చే రెండు కాళ్లు కరెంటువి, మిగిలింది ఎర్తు. 86కు పోవలసిన కాలికి పొరపాటున ఎర్తు కలిపితే స్విచ్చు వేయగానే 3 ఆంపియర్ల ఫ్యూజు పోతుంది. రెండు మూడు విడి ఫ్యూజులు దగ్గర పెట్టుకోండి.