హెచ్‌డీ టీవీని కంప్యూటర్‌లోకి రికార్డు చెయ్యడానికి క్యాప్చర్ కార్డా, ట్యూనర్ కార్డా?

సీతమ్మధార వాసి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక డీటీహెచ్ కంపెనీ హెచ్‌డీ బాక్సు ఉండేది. దానికి హార్డ్ డిస్కు తగిలించి నాన్నగారు ఏళ్ల తరబడి సింహాచలం చందనోత్సవం, కచేరీలు, జనవరి 26 పెరేడ్లు దాచుకున్నారు. ఈమధ్య బాక్సు పాడైతే కంపెనీవాళ్లు కొత్తది ఇచ్చారు. పాత డిస్కు దానికి పెడితే ఒక్కటీ తెరుచుకోవడం లేదు. కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చెయ్యమంటోంది. నాన్నగారు పైకి ఏమీ అనట్లేదు గాని లోపల చాలా బాధపడుతున్నారు.

ఇకమీద రికార్డు చేసిందేదైనా మా కంప్యూటర్‌లో మామూలు ఫైలుగా ఉండాలి, ఎక్కడైనా ప్లే అవ్వాలి. ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపువాళ్లు హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు కొనమన్నారు, బాక్సు టీవీకి పంపే బొమ్మని అది కంప్యూటర్‌లోకి తీసుకుంటుందట. ఆఫీసులో ఒకాయన అది దండగ, బాక్సుతో పనిలేకుండా డిష్ సిగ్నల్‌ని నేరుగా కంప్యూటర్‌కి అందించే డీవీబీ-ఎస్2 ట్యూనర్ తీసుకోమన్నారు. డాలస్‌లో ఉన్న బావ తను వాడే ట్యూనర్ పంపిస్తానంటున్నాడు. బడ్జెట్ పది వేలు, అవసరమైతే కాస్త పెంచగలను. ఏది కొనాలి, ఎందుకు?

గాజువాక డిష్ మెకానిక్:
ముందు మీ బావగారికి వద్దని చెప్పెయ్యండి సార్. అమెరికాలో యాంటెన్నాతో పట్టే టీవీ ఏటీఎస్‌సీ పద్ధతి. మన దగ్గర డిష్‌కి డీవీబీ-ఎస్, ఎస్2. కేబుల్‌కి డీవీబీ-సి. దూరదర్శన్ నేల మీద టవర్ల నుంచి ఇచ్చే డిజిటల్ ప్రసారం డీవీబీ-టీ2. ఆ ట్యూనర్ ఇక్కడ ఒక్క చానల్ కూడా పట్టదు.

డిస్కు సంగతి చాలా ఇళ్లలో చూశాను. బాక్సు రికార్డు చేసేదంతా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి రాస్తుంది, తాళంచెవి ఆ బాక్సులోనే ఉండిపోతుంది. బాక్సు మారితే రికార్డింగులు పోయినట్టే. నాన్నగారికి ఈ మాట చెప్పడం కష్టమే గాని, ఎవరైనా డబ్బులు తీసుకుని తెరిచిపెడతామంటే నమ్మకండి.

మద్దిలపాలెం స్ట్రీమర్:
నా ఓటు క్యాప్చర్ కార్డుకే అన్నా. ట్యూనర్ కొంటే డిష్‌లో ఉచితంగా వచ్చేవి తప్ప ఇంకేమీ రావు. తెలుగు ప్రైవేటు హెచ్‌డీ చానళ్లన్నీ డీటీహెచ్‌లో ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తాయి. క్యాప్చర్ కార్డు అయితే హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చే ప్రతిదానికీ పనికొస్తుంది. ఇవాళ కెమెరా, రేపు గేమ్ కన్సోల్, ఎల్లుండి ఇంకేదో. కంపెనీ మారినా, శాటిలైట్ మారినా కార్డు మార్చక్కర్లేదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. వేలెడంత ఉండే చవక స్టిక్కులు కొనకండి. పోర్టుకి నీలం ప్లాస్టిక్ పెట్టి యూఎస్‌బీ 3.0 అని అమ్ముతారు. వాటిలో చాలావాటి లోపల ఉండేది ఎంఎస్2109 చిప్పు, అది యూఎస్‌బీ 2.0. ఫుల్ హెచ్‌డీ బొమ్మని సెకనుకు 50 ఫ్రేములు చొప్పున కుదించకుండా పంపాలంటే 1.6 గిగాబిట్లకు పైగా కావాలి. యూఎస్‌బీ 2.0 హద్దు కాగితం మీదే 480 మెగాబిట్లు. అందుకని ఆ స్టిక్కు ప్రతి ఫ్రేమునీ జేపెగ్‌గా నలిపి పంపిస్తుంది. కాస్త ఎక్కువ పెట్టి అసలైన యూఎస్‌బీ 3.0 కార్డు తీసుకోండి. రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు 60 కాదు, 50 పెట్టండి. మన ప్రసారాలు 50 లెక్కలో వస్తాయి, 60 పెడితే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది.

అక్కయ్యపాలెం లైబ్రేరియన్:
స్ట్రీమర్ బాబు చెప్పిన లెక్కలన్నీ సరైనవే. కానీ నేను ట్యూనర్ పక్షం, గట్టిగా. ఇక్కడ అడిగింది గేముల గురించి కాదు, పదేళ్ల తర్వాత కూడా చూసుకోవాల్సిన వాటి గురించి.

స్టూడియో నుంచి హెచ్‌డీ ప్రసారం సాధారణంగా హెచ్.264 అనే పద్ధతిలో కుదించి బయల్దేరుతుంది. ట్యూనర్ ఆ స్ట్రీమ్‌ని ఉన్నదున్నట్టు డిస్కు మీద రాస్తుంది. మధ్యలో ఎవరూ ముట్టుకోరు. క్యాప్చర్ కార్డు దారి వేరు. బాక్సు ఆ స్ట్రీమ్‌ని విప్పి బొమ్మగా మార్చి, సైజు సరిచేసి, కొన్నిసార్లు వాల్యూమ్ గుర్తు, మెసేజీ పట్టీ కూడా దానిమీద వేసి పంపుతుంది. దాన్ని మీ కంప్యూటర్ మళ్లీ కుదిస్తుంది. సర్టిఫికెట్టుకి జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకి మళ్లీ జిరాక్సు తీసినట్టు. అసలు కాపీ చేతికందే దారి ఉండగా జిరాక్సు ఎందుకు దాచుకోవాలి?

2025 జనవరి 26న కర్తవ్య పథ్‌లో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలే. దూరదర్శన్ ప్రసారాన్ని నేను ట్యూనర్‌తో, మా కింద వాటావాళ్లు చవక స్టిక్కుతో రికార్డు చేశాం. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నా ఫైల్లో బొమ్మల మీద లక్క మెరుపు, ఎరుపు పక్కన పసుపు పట్టీ అంచు విడివిడిగా కనిపిస్తున్నాయి. వాళ్ల ఫైల్లో ఆ అంచు ఎరుపులో కలిసిపోయింది. కవాతు చేస్తున్న జవాన్ల బూట్ల దగ్గరైతే దువ్వెన పళ్లలా అడ్డగీతలు.

ఆ గీతలకి కారణం ఇది. మన హెచ్‌డీ చానళ్లు ఎక్కువగా 1080ఐ. సగం గీతలు ఒక క్షణానివి, మిగతా సగం సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. రెంటినీ ఊరికే అతికిస్తే కదిలే వస్తువు అంచు చీలిపోతుంది, అలా రికార్డై మళ్లీ కుదించుకుపోతే ఇక శుభ్రంగా సరిచెయ్యలేం. ట్యూనర్ ఫైల్లో ఆ రెండు సగాలూ విడిగానే భద్రంగా ఉంటాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో, ఒక్కో సగాన్నీ పూర్తి బొమ్మగా మార్చే డీఇంటర్లేస్ సెట్టింగు యాడిఫ్ 2ఎక్స్ పెట్టుకుంటే కదలిక నీళ్లలా సాగుతుంది. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే అదే ఫైలుకి వాడుకోవచ్చు.

చోటు కూడా కలిసొస్తుంది. చానల్ సెకనుకు 8 మెగాబిట్లు ఇస్తుందనుకుంటే గంటకు 3.6 గిగాబైట్లు. ఉన్నది రాసుకోవడమే కాబట్టి ప్రాసెసర్ మీద బరువుండదు, పాత డెస్క్‌టాప్ చాలు.

మద్దిలపాలెం స్ట్రీమర్:
మేడమ్, అంచులు చెదిరింది చవక స్టిక్కు వల్ల. మంచి కార్డుతో పోల్చి చూడండి. బాక్సు సెట్టింగుల్లో అవుట్‌పుట్ 720పీ, అంటే సగాలుగా కాకుండా పూర్తి ఫ్రేములుగా వచ్చేది పెడితే ఆ గీతలూ రావు. అయినా నాణ్యత ఒక్కటే చూస్తే ఎలా? వాళ్ల నాన్నగారు దాచుకున్న కచేరీలు ప్రైవేటు చానల్‌వి అయితే మీ ట్యూనర్ ఏం చేస్తుంది?

గాజువాక డిష్ మెకానిక్:
తమ్ముడూ, మంచి కార్డైనా ఆ చానల్ దగ్గర ఆగిపోతుంది. కాపీ తియ్యనివ్వకుండా హెచ్‌డీఎంఐకి వేసే తాళం హెచ్‌డీసీపీ, దాని మాట నువ్వు ఎత్తనే లేదు. డీటీహెచ్ బాక్సు హెచ్‌డీఎంఐలో ఆ రక్షణ పెట్టి పంపితే, పేరున్న కార్డుల్లో నల్ల తెరే వస్తుంది. నాకు బాగా తెలిసిన ఇంట్లోనే కార్డు కొని, తెర నల్లగా వస్తే బాక్సు పాడైందని నన్ను పిలిచారు. కొనేముందు ఆ కార్డు పట్టుకొచ్చి ఇంట్లో బాక్సుకి పెట్టి చూపించమని షాపువాణ్ని అడగాలి.

మద్దిలపాలెం స్ట్రీమర్:
దానికీ ఉపాయాలున్నాయి, అందరికీ తెలిసినవే. నెలనెలా డబ్బు కడుతున్న ప్రోగ్రామ్ ఇంట్లో దాచుకుంటే తప్పేంటి? అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే సోనీ బీటామాక్స్ కేసులో, తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం ఫెయిర్ యూజ్ అని చెప్పింది.

కోర్టు రోడ్డు:
ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడెయ్యదు. మనకి 1957 కాపీరైట్ చట్టం ఉంది. సెక్షన్ 52(1)(ఎ) ప్రైవేటు, వ్యక్తిగత వాడకానికి ఫెయిర్ డీలింగ్ అనుమతిస్తుంది, అది మీ పక్షమే. 2012 సవరణతో వచ్చిన 65ఎ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును దాటితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా అంటుంది. ఉద్దేశం అన్న షరతు ఉంది కాబట్టి ఇంట్లో దాచుకునేవాడు తన తరఫున వాదించుకోగలడు. కానీ డీటీహెచ్ కంపెనీతో సంతకం పెట్టిన ఒప్పందం వేరే సంగతి. పెద్దాయన పేరు మీదున్న కనెక్షన్‌తో ఆ వాదన కోర్టుదాకా తీసుకెళ్లమని నేనైతే సలహా ఇవ్వను. రికార్డు చేసింది వాట్సాప్ గ్రూపుల్లో పంచితే మాత్రం ఏ సెక్షనూ కాపాడదు.

అక్కయ్యపాలెం లైబ్రేరియన్:
స్ట్రీమర్ బాబు అడిగినదానికి సూటిగా చెబుతాను. ప్రైవేటు చానల్ కచేరీ నా ట్యూనర్‌కి రాదు, నిజమే. తాళం వేసి ఇచ్చిన బొమ్మని నలిపి దాచుకోవడంకన్నా, తాళం లేకుండా ఇస్తున్నదాన్ని పూర్తి నాణ్యతతో దాచుకోవడం మేలని నా ఉద్దేశం. పెరేడ్ వస్తుంది. ఆర్కే బీచ్ నేవీ డే విన్యాసాలు దూరదర్శన్ చూపించినప్పుడు అవీ వస్తాయి. నిజంగా పోగొట్టుకోకూడనివి ఇవే. సీరియల్ మళ్లీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఒక ఏడాది ప్రత్యక్ష ప్రసారం మళ్లీ దొరకదు.

సీతమ్మధార వాసి:
నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. లైబ్రేరియన్ మేడమ్ చెప్పిందే ఆయనకి నచ్చింది, ట్యూనర్ తీసుకుందామన్నారు. ఇప్పుడున్న డీటీహెచ్ డిష్ నుంచే ఒక వైరు చీల్చి కంప్యూటర్‌కి ఇచ్చెయ్యొచ్చా?

గాజువాక డిష్ మెకానిక్:
అలాగ కుదరదు సార్. దూరదర్శన్ ఉచితంగా ఇచ్చే ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. మీ కంపెనీ డిష్ ఎటు చూస్తోందో ముందు చూడాలి. టాటా ప్లే శాటిలైట్లు 83 డిగ్రీల్లో ఉంటాయి, వైజాగ్ రేఖాంశం కూడా దాదాపు అంతే కాబట్టి ఆ డిష్ నేరుగా దక్షిణానికి ఉంటుంది. 93.5 అయితే ఇంచుమించు ఆగ్నేయం, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తు. మేడ మీద ఆ వైపు వాటర్ ట్యాంకు గాని, పక్క అపార్ట్‌మెంటు గాని అడ్డం లేకపోతే చిన్న డిష్ విడిగా పెట్టుకుందాం.

దానికి రెండు అవుట్‌పుట్లున్న ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు సిగ్నల్ పట్టే ముక్క, వేయించుకోండి. ఒకటి హాల్లో ఫ్రీ డిష్ బాక్సుకి, ఇంకోటి ట్యూనర్‌కి. ఒక్క అవుట్‌పుట్‌నే చీలిస్తే, చానల్‌ని బట్టి బాక్సు 13 వోల్టులు, ట్యూనర్ 18 వోల్టులు పంపొచ్చు. ఎల్ఎన్‌బీ ఒక్కరి మాటే వింటుంది, మీ రికార్డింగు మధ్యలో ఆగిపోతుంది. ట్యూనర్ కొనేటప్పుడు అది ఎల్ఎన్‌బీకి కరెంటు ఇస్తుందో లేదో డబ్బా మీద చూడండి. రికార్డింగు టైము ముందు పది నిమిషాలు, వెనక పది నిమిషాలు కలిపి పెట్టుకోండి, లైవ్ ప్రోగ్రాములు చెప్పిన టైముకి మొదలవ్వవు, అవ్వవు. కంప్యూటర్ నిద్రలోకి పోకుండా పవర్ సెట్టింగు మార్చండి.

మన ఊళ్లో ఉప్పుగాలి ఒకటుంది. ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌లోకి తేమ పోతే రాగి తీగ పచ్చబడిపోతుంది, సిగ్నల్ కొంచెం కొంచెంగా పడిపోతుంది. టీవీలో కంటికి తెలీదు గాని రికార్డింగులో గళ్లుగళ్లుగా దొరికిపోతుంది. కనెక్టర్ బిగించాక రబ్బరు తొడుగు వేసి, పైన వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టించండి. హుద్‌హుద్ తర్వాత ఊరంతా తిరిగి డిష్‌లు పెట్టినప్పటి నుంచి నేను గోడకి నాలుగు యాంకర్ బోల్టులు లేకుండా పెట్టడం మానేశాను, మీరూ ఒప్పుకోవద్దు. వానాకాలం పోయాక, ఆకాశం తేటగా ఉన్న రోజున సిగ్నల్ పెట్టించుకుంటే జనవరి 26కి నిబ్బరంగా ఉంటుంది.