39 శాతం ఓట్లకు ఒకసారి 23 సీట్లు, ఒకసారి 11: శాసనసభ ఎన్నికల పద్ధతి మార్చాలా?

కృష్ణాతీరం:
ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి వచ్చిన ఓట్లు 39.17 శాతం. 2024లో వైసీపీకి వచ్చినవి 39.37 శాతం. ఇంచుమించు సమానం. కానీ 175 సీట్ల సభలో మొదటి పార్టీకి 23 దక్కితే రెండో దానికి 11 దక్కాయి. మీరు ఏ పార్టీ అభిమానులైనా సరే, ఒక్క నిమిషం దాన్ని పక్కన పెట్టి ఈ అంకెలు చూడండి. పది మంది ఓటర్లలో నలుగురు ఒక పక్షాన నిలిచారు, సభలో వారి తరఫున మాట్లాడేది పదహారు మందిలో ఒక్కరు.

ప్రభుత్వాలు మారాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఓటు కొంత కదలగానే సభ మొత్తం ఒకే వైపు ఒరిగిపోవడమే నా అభ్యంతరం. నియోజకవర్గాలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, అదనంగా కొన్ని సీట్లను పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి పంచాలంటాను. 1999లో లా కమిషన్ 170వ నివేదికలో లోక్‌సభకు ఇటువంటి సూచనే చేసింది. మీరేమంటారు?

గోదారిగట్టు:
పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఒక్క దెబ్బతో ప్రభుత్వాన్ని ఇంటికి పంపే శక్తి సామాన్య ఓటరుకు ఉన్న ఏకైక ఆయుధం. 1982 మార్చిలో పుట్టిన టీడీపీ 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. అప్పటిదాకా ఈ రాష్ట్రంలో కాంగ్రెస్‌ను దించవచ్చని నమ్మినవారు ఎందరు? సగం ఓట్లు రాకుండానే ఆ పార్టీ 294 సీట్లలో 200కు పైగా గెలిచింది. అదే దామాషా లెక్క, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతి అయితే మద్దతు కోసం గడపగడపా తిరగాల్సి వచ్చేది.

మీరు చెప్పిన 2019నే తీసుకోండి. వైసీపీకి 49.95 శాతం ఓట్లు. పూర్తి దామాషాలో సుమారు 87 సీట్లు, మెజారిటీకి కావలసినవి 88. దాదాపు సగం రాష్ట్రం ఓటేసిన పార్టీ కూడా ఇంకొకరి దయ మీద ఆధారపడాలా? ఐదారు శాతం ఓట్లున్న పార్టీ ఎవరు ముఖ్యమంత్రో తేలుస్తుందా? అలాంటి బేరాలు ఎక్కడికి పోతాయో కర్ణాటకలో 2019లోనే చూశాం. రాజీనామాలు, రిసార్టులు, చివరికి ప్రభుత్వం కూలింది.

వంశధార:
కొద్ది తేడాకే సభ ఒరగడం ఒక ఎత్తు, ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పార్టీ ఓడిపోవడం ఇంకో ఎత్తు. 2024లో ఒడిశాలో బీజేడీకి 40.22 శాతం ఓట్లు, 51 సీట్లు. బీజేపీకి 40.07 శాతం ఓట్లు, 78 సీట్లు. ఇరవై నాలుగేళ్ల పాలన అలా ముగిసింది. 2018లో మధ్యప్రదేశ్‌లో బీజేపీకి కాంగ్రెస్ కంటే కాస్త ఎక్కువ ఓట్లు వచ్చినా అధికారం పోయింది. కాబట్టి ఈ పద్ధతి ఏ ఒక్క పార్టీకీ చుట్టం కాదు. ఇవాళ లాభపడినవారే రేపు నష్టపోతారు.

పాలపిట్ట:
మీరంతా పొత్తుల సంగతి వదిలేస్తున్నారు. 2019లో జనసేన టీడీపీతో కలవకుండా రాష్ట్రమంతటా పోటీ చేసి ఒక్క సీటు గెలిచింది. 2024లో కూటమిలో చేరి 21 చోట్ల నిలబడి 21కి 21 గెలిచింది. ఓట్ల శాతంలో పెరుగుదల మాత్రం స్వల్పమే. దీన్ని అన్యాయం అనలేం. నియమం అందరికీ తెలుసు, ఎవరితో కలవాలో, ఎక్కడ తగ్గాలో నేర్చుకున్నవారు గెలిచారు. 39 శాతం ఉండి కూడా ఒంటరిగా నిలబడితే 11 వస్తాయని తెలిసే వైసీపీ ఒంటరిగా వెళ్లింది. దానికి పద్ధతిని నిందిస్తే ఎలా?

కృష్ణాతీరం:
పాలపిట్ట గారూ, పార్టీల వరకు మీ మాట నిజమే. కానీ నా బాధ పార్టీల గురించి కాదు. పొత్తు పెట్టుకోకపోవడం నాయకుడి నిర్ణయం, సభలో గొంతు పోయింది మాత్రం ఓటరుకు.

దాని ఫలితం ఎలా ఉంటుందో చెబుతాను. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు శాసనసభలో ఒక్కరోజులో ఆమోదం పొందింది. అమరావతి రాజధాని కోసం రైతులు ఇచ్చిన 33 వేల ఎకరాలకు పైగా భూమి మీద నిర్ణయం అది! వైసీపీ వారే 151 మంది ఒకవైపు ఉంటే ఇక చర్చ ఎక్కడిది? అడ్డుపడింది శాసనమండలి ఒక్కటే. అక్కడ టీడీపీకి బలం ఉండటంతో 22న బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలన్నారు. వెంటనే 27న మండలినే రద్దు చేయాలని సభ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. 2024లో గాలి మళ్లీ మారింది, రాజధాని మళ్లీ అమరావతికి వచ్చింది. రాజధాని ఎక్కడ అన్నది అయిదేళ్లకోసారి తిరగబడే విషయమా? సభలో బలమైన ప్రతిపక్షం ఉంటే ఆ నిర్ణయం అంత తేలిగ్గా వచ్చేదీ కాదు, అంత తేలిగ్గా పోయేదీ కాదు.

గోదారిగట్టు గారికి: నేను పూర్తి దామాషా అడగడం లేదు. విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం మన సభ 175 నుంచి 225కు, తెలంగాణ సభ 119 నుంచి 153కు పెరగాలి. ఆ అదనపు 50 సీట్లనే ఓట్ల శాతం ప్రకారం పంచామనుకోండి. 2019లో వైసీపీకి సుమారు 176, అంటే తిరుగులేని మెజారిటీ. టీడీపీకి 43. 2024లో వైసీపీకి 31 దాకా వచ్చేవి. ప్రతిపక్ష హోదాకు సభలో పదో వంతు ఉండాలన్న ఆనవాయితీ అప్పుడు సులువుగా దాటేది, ఏడాదుల తరబడి హోదా తగువు ఉండేది కాదు. ప్రభుత్వం నిలబడుతుంది, నిలదీసేవారూ ఉంటారు.

గోదారిగట్టు:
లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ 50 మంది ఎవరు? పార్టీ అధ్యక్షుడు రాసిన జాబితాలో పైన ఉన్నవారు. ఓడిపోయిన పెద్దలు, చందాలు ఇచ్చినవారు, బంధువులు. ఎమ్మెల్యే తప్పు చేస్తే ఊళ్లోకి వచ్చినప్పుడు నిలదీస్తాం. జాబితా మనిషికి ఊరే లేదు, ఎవరికి జవాబు చెబుతాడు?

వంశధార:
ఓటరు పార్టీకి కాకుండా జాబితాలోని పేరుకే ఓటు వేసే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. అప్పుడు ఎవరు గెలవాలో అధ్యక్షుడు తేల్చలేడు.

పాలపిట్ట:
అంటే అభ్యర్థికి ఒక ఓటు, జాబితాలోని పేరుకు ఇంకో ఓటు, పైగా పొడవాటి జాబితా. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ శాసనమండలి పట్టభద్రుల స్థానంలో 70 మందికి పైగా అభ్యర్థులు. ప్రాధాన్య సంఖ్యలు వేయాల్సిన ఆ బ్యాలెట్‌లో డిగ్రీ చదివినవారివే వేల ఓట్లు చెల్లకుండా పోయాయి, లెక్కింపు రోజుల తరబడి సాగింది. కొత్త పద్ధతి చదువు రాని మా అమ్మమ్మ ఓటును చెత్తబుట్టలో వేయనని హామీ ఇస్తేనే నేను ఒప్పుకుంటాను.

కృష్ణాతీరం:
అందుకే నేను రెండో ఓటు వద్దంటాను. మీ అమ్మమ్మ గారు ఇప్పటిలాగే ఒక్క గుర్తు మీద ఒక్కసారి నొక్కుతారు. నియోజకవర్గంలో ఆ అభ్యర్థి ఓడిపోయినా, ఆ ఓటు రాష్ట్ర స్థాయిలో పార్టీ శాతంలోకి చేరుతుంది. జాబితాలో ఎవరు ఉండాలన్న ప్రశ్నకు నా సమాధానం వేరు: అసలు జాబితానే వద్దు. అదే ఎన్నికల్లో ఓడిన ఆ పార్టీ అభ్యర్థుల్లో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నవారిని వరుసగా తీసుకోవాలి. అప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక ఊరుంటుంది, జనం వేసిన ఓట్లుంటాయి, అధ్యక్షుడి కలానికి పని ఉండదు. రాజ్యాంగం 170వ అధికరణ ప్రకారం సభ్యులందరూ నియోజకవర్గాల నుంచి ప్రత్యక్షంగా ఎన్నిక కావాలి కాబట్టి రాజ్యాంగ సవరణ తప్పదు. సభ సీట్లు పెంచడానికి ఎలాగూ నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, ఈ రెండింటినీ కలిపి అడగడానికి ఇదే అదను.

గోదారిగట్టు:
ఓడినవారిని ఎమ్మెల్యే చేస్తే ఒకే నియోజకవర్గంలో ఇద్దరు ఎమ్మెల్యేలు తయారవుతారు. పింఛను దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి, అధికారులు ఎవరి మాట వినాలి? దీనికి జవాబు చెప్పండి, మిగతాది ఆలోచిస్తాను.