యుద్ధ వార్తలకి మాజీ సైనికులని నమ్మాలా, జర్నలిస్టులనా? (అర్జెంట్)

లంకల_పిల్లోడు: మధ్యాహ్నం నుంచి ఇదే పని, ఏమీ తేలట్లేదు. యుద్ధం గురించి రాసేవాళ్లలో ఆర్మీలో చేసి వచ్చినవాళ్లే నమ్మదగ్గవాళ్లు అనడానికి గట్టి ఉదాహరణలు కావాలి. ఎక్కడ వెతికినా టీవీ వాళ్లని తిట్టడమే తప్ప పనికొచ్చేది ఒక్కటీ లేదు. ప్లీజ్.

మట్టికుండ: ఏ యుద్ధం? ఏ దేశం?

రిటైర్డ్_హవల్దార్: బాబూ, ఎవరు రాశారన్నది తర్వాత, ఎప్పుడు చూపించారన్నది ముందు. 2008లో ముంబై దాడులప్పుడు కమాండోల కదలికలు లైవ్‌లో వేశారు, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు టీవీ చూసి లోపలివాళ్లకి ఫోన్లో చెప్పారు. అందుకే తర్వాత కేబుల్ టీవీ రూల్స్‌లో లైవ్ వద్దు, అధికారి బ్రీఫింగ్ వరకే అని పెట్టారు. ఎవరు పాటిస్తున్నారు చెప్పు?

పాత_డెస్క్: హవల్దార్ గారూ, ఆ రూలు ఉగ్రవాదులపై ఆపరేషన్లకి, యుద్ధానికి కాదు. తమ్ముడూ, సి.జె. చివర్స్ గురించి చదువు. అమెరికా మెరైన్స్‌లో అధికారిగా 1991 గల్ఫ్ యుద్ధంలో ఉన్నాడు, తర్వాత న్యూయార్క్ టైమ్స్. ఇరాక్‌లో పాత రసాయన గుండ్ల వల్ల గాయపడ్డ అమెరికా సైనికుల సంగతి పైవాళ్లు కప్పిపెడితే 2014లో బయటపెట్టాడు. కాకపోతే అతనూ కొలంబియా యూనివర్సిటీలో జర్నలిజం చదివాకే ఇందులోకి వచ్చాడు.

ఉప్పుచేప: మరి టీవీల్లో రిటైర్డ్ జనరళ్లో? అమెరికాలో వాళ్లకి ఏం మాట్లాడాలో వాళ్ల రక్షణ శాఖ పెంటగాన్ నేర్పి పంపేదని, కొందరికి రక్షణ కాంట్రాక్టుల కంపెనీలతో సంబంధాలున్నాయని 2008లో రాసింది డేవిడ్ బార్‌స్టో. మామూలు రిపోర్టరే, పులిట్జర్ అవార్డు కూడా వచ్చింది.

రిటైర్డ్_హవల్దార్: ప్యానెల్లో కూర్చుంటే రిపోర్టర్ అయిపోతారా? వాళ్లు విశ్లేషకులు. 2025 మేలో కరాచీ పోర్టు ధ్వంసమైందని ఊదరగొట్టింది ఛానళ్లు, మావాళ్లు కాదు.

ఉప్పుచేప: పక్క కుర్చీల్లో ఉన్నదెవరో మరి.

పాత_డెస్క్: ఎవరో ఒకరే అంటే కుదరదు. 1968లో వియత్నాం యుద్ధంలో మై లై అనే ఊళ్లో 128 మంది శత్రువులని చంపామని అమెరికా సైన్యం ప్రకటించింది. అక్కడున్న సైన్యపు ఫొటోగ్రాఫర్ ఆఫీసు కెమెరా ఫొటోలు ఆఫీసుకి ఇచ్చేశాడు, సొంత కెమెరాలో తీసిన ఊరివాళ్ల శవాల ఫొటోలు పేపర్లోకి రావడానికి 20 నెలలు పట్టింది. రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు అధికారులకి ఉత్తరాలు రాశాడు, వార్త మాత్రం సీమోర్ హెర్ష్ అనే జర్నలిస్టుది.

లంకల_పిల్లోడు: అయ్యో అన్నా, ఇది రేపు పొద్దున కాలేజీ డిబేట్‌కి! నాది మాజీ సైనికుల వైపు, మూడు నిమిషాలే. మన దేశంలో ఎవరైనా?

మట్టికుండ: అది ముందే ఏడవాలి కదా. అజయ్ శుక్లా, రిటైర్డ్ కల్నల్. 2020లో లడఖ్‌లోకి చైనా చొరబాటు గురించి గల్వాన్ ఘర్షణకి ముందే రాశాడు.

రిటైర్డ్_హవల్దార్: ఆయన్ని మా రిటైర్డ్ వాళ్లలోనే చాలామంది ఒప్పుకోరు.

మట్టికుండ: తమ్ముడూ, ఈ ముక్క అవతలివాళ్లకి అందనివ్వకు.

లంకల_పిల్లోడు: చివర్స్, శుక్లా రాసుకున్నా. థ్యాంక్స్.

రిటైర్డ్_హవల్దార్: డెస్క్ గారూ, కార్గిల్‌లో కూడా మొదట మిలిటెంట్లనే అన్నారు, తీరా చూస్తే పాకిస్తాన్ వాళ్ల దళం, నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ. అది ఆపరేషనా యుద్ధమా? అలాంటప్పుడు ఆ లైవ్ రూలు ఏ రోజు నుంచి వర్తించదో చెప్పండి.