తొడ ముందు కండరాలు, ఫీమరల్ నర్వ్: వైవాలో ఆగిపోయాను, కాస్త అర్థమయ్యేలా చెప్పండి

బీపీటీ_మొదటి_ఏడాది:
అందరికీ నమస్తే, నేను ఫిజియోథెరపీ (బీపీటీ) చదువుతున్నాను. మొన్న వైవాలో మేడమ్ ఒక ప్రశ్న అడిగారు, ఫీమరల్ నర్వ్, అంటే నడుం నుంచి తొడ ముందు భాగానికి వచ్చే నరం, గజ్జల దగ్గర ఇంగ్వైనల్ లిగమెంట్ కింద తెగిపోతే ఆ మనిషి తొడ పైకి ఎత్తగలడా అని. తొడ ముందు భాగం అంతా ఫీమరల్ నర్వే కదా అనుకుని ఎత్తలేడు మేడమ్ అనేశాను, తప్పు, ఎందుకో చూసుకుని రా అన్నారు. ఏ కండరానికి ఏ నర్వ్ అనే టేబుల్ మొత్తం బట్టీ పట్టాను కానీ పెక్టీనియస్ కండరానికి ఒక పుస్తకంలో ఫీమరల్ అని ఉంది, ఇంకో దాంట్లో ఆబ్ట్యురేటర్ (తొడ లోపలి కండరాల నర్వ్) కూడా అని ఉంది, నడుం నుంచి తొడకి దిగే సోయాస్ మేజర్ కండరానికైతే అసలు నర్వ్ పేరే లేదు, ఉత్త ఎల్1, ఎల్2, ఎల్3 (నడుం దగ్గర వెన్ను నుంచి వచ్చే నర్వ్ వేర్లు) అని రాసేశారు.

ఇంకో విషయం. మా నాన్న టైలర్. రెండు నెలల నుంచి కుడి తొడ బయటివైపు మంట, తిమ్మిరి, లుంగీ తగిలినా చురుక్కుమంటోంది అంటున్నాడు. చదువుతున్నదే ఇది కాబట్టి ఫీమరల్ నర్వ్ ఏమైనా దెబ్బతిందేమో అని భయంగా ఉంది. దయచేసి చెప్పండి.

డిసెక్షన్_హాల్:
టేబుల్ పక్కన పెట్టు తమ్ముడూ, నర్వ్ ఎక్కడ పుట్టిందో అక్కణ్ణుంచి మొదలెట్టు. ఎల్2, ఎల్3, ఎల్4 వేర్లు కలిసేది ఎక్కడో కాదు, సోయాస్ కండరం లోపలే. అంటే ఫీమరల్ నర్వ్ ఇంకా తయారవకముందే ఎల్1, ఎల్2, ఎల్3 వేర్ల నుంచి చిన్న కొమ్మలు సోయాస్‌లోకి నేరుగా వెళ్ళిపోతాయి, అందుకే దానికి పేరున్న నర్వ్ లేదు. తర్వాత నర్వ్ సోయాస్ బయటి అంచు నుంచి వచ్చి సోయాస్‌కీ దాని పక్క కండరం ఇలియాకస్‌కీ మధ్య కాలవలో దిగుతుంది, అలా దిగుతూ కడుపులో ఉండగానే ఇలియాకస్‌కి కొమ్మ ఇచ్చేస్తుంది. ఇప్పుడు మేడమ్ ప్రశ్న చూడు. లిగమెంట్ దగ్గర తెగితే ఈ రెండిటి సప్లై పైనే అయిపోయింది, తొడ ఎత్తే అసలు బలం ఈ రెండిటిదే. తొడ ముందు ఉండే రెక్టస్ ఫీమరిస్, సార్టోరియస్ పోతాయి కాబట్టి కొంచెం బలం తగ్గుతుంది, అంతే. మోకాలు చాపడం మాత్రం పోతుంది.

గజ్జల్లో వేలు పెట్టి చూడు, కొట్టుకునేది ఆర్టరీ. నర్వ్ దానికి బయటివైపు ఉంటుంది, వెయిన్ లోపలివైపు. ఆర్టరీ, వెయిన్ ఒక తొడుగులో ఉంటాయి, నర్వ్ ఆ తొడుగు బయట. అక్కణ్ణుంచి ఓ 4 సెంటీమీటర్లు దిగేసరికి కట్టు ఊడిన చీపురులా విచ్చుకుపోతుంది, హాల్లో మొదటిసారి చూసినప్పుడు ఏ పుల్ల ఎటు పోతోందో పట్టుకోవడానికే నాకు గంట పట్టింది. ముందు భాగం సార్టోరియస్‌కీ తొడ ముందు చర్మానికీ. వెనక భాగం మోకాలు చాపే క్వాడ్రిసెప్స్ నాలుగిటికీ, అంటే రెక్టస్ ఫీమరిస్, వాస్టస్ లాటరాలిస్, మీడియాలిస్, ఇంటర్‌మీడియస్. మిగిలిన సఫీనస్ ఉత్త స్పర్శ నర్వ్, పిక్క లోపలివైపు నుంచి పాదం లోపలి అంచు దాకా పోతుంది. పెక్టీనియస్ ముందు కండరాలకీ తొడ లోపలి కండరాలకీ సరిహద్దులో ఉంది, మామూలుగా ఫీమరలే, కొందరిలో ఆబ్ట్యురేటర్ కొమ్మ కూడా వస్తుంది. రెండు పుస్తకాలూ కరెక్టే.

సార్టోరియస్ అంటే లాటిన్‌లో టైలర్ అనే మాట నుంచి వచ్చింది, నీకు ఇక మర్చిపోయే పని లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చునేటప్పుడు కాలు వంచి బయటికి తిప్పేది అదే, నడుం ఎముక ముందు మొన నుంచి మోకాలి లోపలివైపు దాకా ఏటవాలుగా నాడాలా పడుకుని ఉంటుంది, ఒంట్లో అన్నిటికంటే పొడుగైన కండరం.

ఫిజియో_అక్క:
పైన బాగా చెప్పారు, నేను క్లినిక్ సంగతి చెప్తాను. క్వాడ్రిసెప్స్ పోతే ఎలా ఉంటుందో మన ఊళ్ళల్లో చూసే ఉంటావు, చిన్నప్పుడు పోలియో వచ్చిన పెద్దవాళ్ళు కొందరు అడుగేసిన ప్రతిసారీ అరచెయ్యి తొడ మీద, మోకాలికి కాస్త పైన, గట్టిగా నొక్కి నడుస్తారు. అలవాటు కొద్దీ కాదు, ఆ చెయ్యి తొడ ఎముకని వెనక్కి నెట్టి మోకాలిని లాక్ చేస్తుంది, లేకపోతే మోకాలు మడత పడి పడిపోతారు. పోలియోలో దెబ్బ తగిలేది వెన్నుపాములో, ఫీమరల్ నర్వ్‌కి కాదు, కానీ ఆ కండరం చేసే పని ఏంటో ఆ చెయ్యే చెప్తుంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా కష్టం.

ఇక నాన్నగారి సంగతి. తొడ బయటివైపు చర్మానికి వచ్చేది ఫీమరల్ నర్వ్ కాదు, లాటరల్ క్యుటేనియస్ నర్వ్, అది ఎల్2, ఎల్3 నుంచి వేరే కొమ్మగా వచ్చి నడుం ఎముక ముందు మొన పక్కనే లిగమెంట్ కింద నుంచి దిగుతుంది. దానికి కండరం పనే లేదు. అక్కడ బిగుతు బెల్ట్, పొట్ట పెరగడం, ఏదైనా ఒరుసుకోవడం వల్ల నొక్కుకుంటే సరిగ్గా నువ్వు చెప్పినట్టే ఉంటుంది, మెరాల్జియా అంటారు. కుర్చీలో కూర్చోబెట్టి మోకాలు చాపమని నీ చేత్తో అడ్డుపెట్టి చూడు, రెండు కాళ్ళూ పోల్చు, ఫీమరల్ నర్వ్ దెబ్బతింటే ఆ బలం తగ్గుతుంది. కానీ నడుం డిస్క్, షుగరు కూడా ఇలాంటి ఇబ్బంది పెట్టగలవు, డాక్టర్‌కి చూపించకుండా మాత్రం ఉండకు.

బీపీటీ_మొదటి_ఏడాది:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. రాత్రే చూశాను, మోకాలు రెండువైపులా ఒకే బలంతో చాపుతున్నాడు, నడకలో తేడా లేదు. బెల్ట్ పెట్టుకోడు కదా మరి ఏం నొక్కుతోంది అని ఇవాళ షాపులో పక్కనే నిలబడి చూశాను. కటింగ్ చేసేటప్పుడు బట్ట అవతలి అంచు దాకా వంగుతాడు, అప్పుడు బల్ల మూల సరిగ్గా కుడివైపు ఆ ఎముక మొన దగ్గరే ఆనుతోంది, రోజుకి నాలుగైదు గంటలు. మూలకి పాత దుప్పటి మడిచి కట్టాను. సోమవారం న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్తున్నాను, షుగర్ టెస్ట్ కూడా చేయిస్తాను, ఏమన్నారో ఇక్కడే రాస్తా.