అప్‌డేట్: యూరప్‌కి మూడు దేశాల ప్లానే ఖాయం చేశాం

రెండు వారాల్లో లండన్ నుంచి ప్రాగ్ దాకా ఆరు దేశాలు చుట్టేయాలా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీతో సరిపెట్టుకోవాలా అని అడిగాను కదా. మూడే ఖాయం. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా లండన్‌కి పనికిరాదు, విడిగా తీసుకోవాలి. సగం ఉత్సాహం అక్కడే చచ్చింది. పైగా అమ్మకి మోకాళ్ల నొప్పులు, రోజూ సూట్‌కేసు సర్దడం ఆవిడ వల్ల కాదు.

పారిస్‌లో దిగి, రోమ్‌లో తిరుగు ఫ్లైట్ ఎక్కుతాం. పారిస్ నుంచి జ్యూరిక్‌కి రైల్లో సుమారు 4 గంటలే. ఎక్కువ రాత్రులు ఇటలీలోనే కాబట్టి షెంగెన్ వీసా దరఖాస్తు కూడా ఇటలీకే పెడుతున్నాం.

స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అక్కడి హోటల్ రేట్లు చూసి నాన్న, "ఒక్క పూట భోజనానికి బెజవాడలో వారం సరుకులొస్తాయిరా" అన్నారు. అమ్మేమో కుక్కర్ పెడతానంటోంది. కందిపొడి, గోంగూర పచ్చడి దగ్గర బేరం తెగింది. 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న యుంగ్‌ఫ్రౌయోక్ అనే మంచు కనుమకి రైలు టికెట్ మాత్రం ఇంకా కొనలేదు, మబ్బులు చూసుకుని అక్కడే కొంటాం.