జాగింగ్‌కి ఒక పాట, స్పీడుకి ఒక పాట.. మీరేం పెట్టుకుంటారు?

కెనాల్‌కట్ట_కుర్రోడు (కర్నూలు):
అన్నా, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అదే పరుగు టెస్టులకి, ప్రిపేర్ అవుతున్నా. వారంలో రెండ్రోజులు కేసీ కెనాల్ కట్ట మీద లాంగ్ జాగింగ్, ఒకరోజు జగన్నాథగట్టు ఎక్కుడు, మిగతా రోజులు గ్రౌండ్‌లో 400 మీటర్ల రౌండ్లు. ఫోన్లో ఉండేవన్నీ మాస్ బీట్లే, మెల్లగా పోవాల్సిన రోజు కూడా ఆ దరువు ఇంటే కాళ్లు ఆగవు, కాసేపటికే రొప్పు మొదలు. పోనీ మెలోడీ పెడదామంటే ఆవలింతలు. ఏ రన్‌కి ఏం ఇంటారో చెప్పండి, మోటివేషన్ స్పీచుల లింకులు మాత్రం పెట్టొద్దు దండం పెడతా.

అనంత_రన్నర్ (అనంతపురం):
తమ్ముడూ, పాట ఏదైనా ముందు దాని దెబ్బలు లెక్కపెట్టు. 15 సెకన్లు తొడ మీద తాళం కొట్టి, వచ్చినదాన్ని నాలుగుతో గుణిస్తే నిమిషం లెక్క వస్తాది. నీ అడుగులూ అట్లనే లెక్కేసుకో. జాగింగ్‌లో చానామందికి నిమిషానికి 150 నుంచి 170 పడతాయి, స్పీడులో 180 కూడా దాటొచ్చు. అట్లని 170 బీట్ పాటల కోసం ఎతకబళ్లే, 85 ఉన్నా చాలు, దెబ్బకి రెండడుగులు, ప్రతి దెబ్బకీ అదే కాలు పడ్తాది. టెంపో రన్‌కి, అంటే రెండు మూడు మాటలకి మించి మాట్లాడలేని స్పీడులో 20 నిమిషాలు పోయేదానికి, ఇట్లా కుదిరే పాటలు నాలుగైదు ఉంటే బ్రహ్మాండం. మిశ్రచాపు పాటలు పెట్టుకోవాకు, ఏడు దెబ్బల తాళం కదా, తాళంలో మొదటి దెబ్బ ఒకసారి కుడికాలికి వస్తే ఇంకోసారి ఎడమకాలికి వస్తాది, చిరాకు లేస్తాది.

పద్యాల_పిచ్చోడు (కడప):
మెల్లగా పోయే రోజు అసలు దరువే వద్దబ్బా. పద్యనాటకం పెట్టుకో. నగొద్దు, నేను చెప్పేది ఇను. పద్యానికి రాగం తీస్తారు గానీ తాళం ఉండదు, నిన్ను తరిమేది ఏమీ లేదు, మనసు కథలో పడిపోతాది, కాళ్లు వాటంతట అవి పోతాంటాయి. సురభి నాటకాల వాళ్లు 1885లో మొదలుపెట్టింది మా జిల్లాలోనే, కాబట్టి నా మాటలో కొంచెం సొంతూరి అభిమానం ఉందనే అనుకో. మెల్లగా మొదలుపెట్టి స్పీడు పెంచుకుంటా పోయే రన్ ఉంటే మాత్రం చెక్కభజనే. మొదట్లో నిదానంగా ఉంటాది, పోనుపోను ఉడుకు పెంచుతారు, ఆఖర్లో గజ్జెలూ చెక్కలూ కలిసి ఒకటే మోత. నువ్వు స్పీడు పెంచాల్సిన పనే లేదు, అదే లాక్కుపోతాది.

గ్రౌండ్_మాస్టర్:
400 మీటర్ల రౌండ్ల రోజు చెవుల్లో ఏమీ పెట్టొద్దు బాబూ. ఈవెంట్స్‌లో మగపిల్లలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, అంటే రౌండుకి 2 నిమిషాలు. ఆ 2 నిమిషాలు ఎట్లుంటాయో నీ ఊపిరికి తెలియాలి, పాటకి తెలిసి లాభం లేదు. లండన్‌లో బ్రూనెల్ యూనివర్సిటీలో కరాజార్గిస్ అనే ప్రొఫెసర్ చానా ఏళ్లుగా ఇదే పని మీద ఉన్నాడు, ఆయన చెప్పేదీ ఇదే, ఓ మోస్తరు స్పీడు వరకే పాట అలసటని మరిపిస్తుంది, ఆయాసం బాగా ముదిరాక పాట వినపడుతుంది గానీ అలసట తగ్గదు. గట్టు ఎక్కేటప్పుడు కూడా అంతే, ఏటవాలు మారినప్పుడల్లా అడుగు మారుతుంది, ఏ పాటా కుదరదు. ఇంకోటి, కట్ట మీద ఒక్క చెవిలోనే పెట్టుకో, వెనకనుంచి ట్రాక్టర్ వచ్చినా కుక్కలొచ్చినా తెలియాలి కదా.

అనంత_రన్నర్:
మాస్టరూ, మరి ఇథియోపియా రన్నర్ హైలే గెబ్రెసెలాసీ సంగతేంది? 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇండోర్ 2000 మీటర్ల రికార్డు కొట్టినప్పుడు పాట పెట్టించుకునే పరిగెత్తినాడు.

గ్రౌండ్_మాస్టర్:
ఆయనకి స్టేడియం స్పీకర్లలో పెట్టినారు నాయనా. ఈవెంట్స్‌లో మనోనికి ఎవరు పెడతారు, ఎస్సై గారా?

కెనాల్‌కట్ట_కుర్రోడు:
😂😂 సరే అన్నా, రౌండ్ల రోజు ఫోన్ బ్యాగ్‌లోనే. పద్యాలు కట్ట మీద ట్రై చేస్తా, మా నాయన చూస్తే మురిసిపోతాడు. కడపన్నా, చెక్కభజన ఆడియో ఏమన్నా ఉందా?

పద్యాల_పిచ్చోడు:
మా ఊరి తిరునాళ్లలో ఫోన్‌తో రికార్డ్ చేసింది ఉండాది, పంపుతా. మంచి ఊపులో ఉండంగా మైకులో ఎవరిదో బండి అడ్డం తీయమని కేకలేస్తాడు, అక్కడ మాత్రం ఆగిపోవాకు.